టైల్స్ షాపుకి సొంత పికప్: ఎవరి పేరున, ఎంత బరువుకి?

ప్రశ్న: బెంగళూరు దగ్గర హోసకోటెలో మాకు టైల్స్ షాపు ఉంది, రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నాం. డెలివరీ బండ్ల కిరాయికే నెలకు రూ.30,000 పోతోంది. సొంత పికప్ కొందామంటే తలా ఒకటి చెబుతున్నారు. స్నేహితుడి వైట్ బోర్డు డబుల్ క్యాబ్ పికప్ రూ.9 లక్షలకు వస్తుందట. మదనపల్లెలో ఉన్న అన్నయ్య పేరున కొత్తది కొనమని ఇంకొకరు అంటున్నారు. పర్మిట్ అక్కర్లేని చిన్న బండి చాలని మరొకరి మాట. చేతిలో రూ.4 లక్షలున్నాయి. తమ్ముడికి ఎల్‌ఎంవీ లైసెన్సు ఉంది, బండి తనే నడుపుతాడు. ఏది మేలు?

జవాబు: వైట్ బోర్డు బండి ఆలోచన మానేయండి. ప్రైవేటు వాహనం పాలసీలో 'వాడుకపై పరిమితులు' అనే పేరా ఒకసారి చదవండి. శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప సరుకు మోస్తే కవరేజీ లేదని అందులో రాసి ఉంటుంది. టైల్స్ లోడుతో ప్రమాదం జరిగితే అవతలి వాళ్ల పరిహారం కూడా చివరికి మీ నెత్తినే పడవచ్చు. రూ.9 లక్షల బండి కోసం షాపుని పణంగా పెట్టకండి.

అన్నయ్య పేరున కొనడంలో నష్టం అంకెల్లో చెబుతాను. బండి ధర రూ.9,00,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.1,62,000 అనుకుందాం. సరుకు రవాణా వాహనం కాబట్టి, ఇన్‌వాయిస్ మీ షాపు జీఎస్టీ నంబరుతో ఉంటే ఆ రూ.1,62,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. అయిదేళ్లకు పంచితే నెలకు రూ.2,700. మిగిలిన రూ.9 లక్షల మీద ఆదాయపు పన్ను లెక్కల్లో ఏటా 15 శాతం తరుగుదలను ఖర్చుగా చూపించుకోవచ్చు (కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే సగమే). బండి అన్నయ్యదైతే ఈ రెండూ మీకు రావు. పైగా వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి కర్ణాటక నంబరుకి మార్చుకోవాలి, ఇక్కడి పన్నూ కట్టాలి. రోడ్ ట్యాక్స్‌లో మిగిలిందనుకున్నది ఏడాది తిరిగేసరికి పోతుంది.

ఇక బరువు. మీ వ్యాపారంలో అసలు విషయం ఇదే. ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ (బండి, మనుషులు, సరుకు కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 3,000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. దాటితే, మోసేది సొంత సరుకే అయినా పర్మిట్ ఉండాల్సిందే. అది లేకుండా తిప్పితే చట్టంలో రూ.10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. మీ తమ్ముడి లైసెన్సుకి ఇబ్బంది లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది.

పర్మిట్ బాధ లేదని చిన్న బండి కొంటే టైల్స్‌తో ఏమవుతుందో చూడండి. రెండడుగుల టైల్స్ నాలుగున్న బాక్సు సుమారు 28 కిలోలు, 15.5 చదరపు అడుగులకు వస్తుంది. వెయ్యి అడుగుల ఇంటికి 65 బాక్సులు, అంటే 1,820 కిలోలు. గోడలకీ నేలకీ కలిపి 20 కిలోల అడెసివ్ బస్తాలు 30 వేస్తే మొత్తం 2,420. ఖాళీ బరువు 1,700 ఉన్న 3,000 కిలోల బండిలో తమ్ముణ్ణి, ఇద్దరు హమాలీలను తీసేస్తే 1,120 కిలోలే మిగులుతుంది. అంటే 40 బాక్సులు. అప్పటికి తొట్టిలో సగం కూడా నిండదు. ఖాళీ కనిపిస్తోంది కదా అని ఇంకో పాతిక బాక్సులు ఎక్కిస్తారు, అక్కడే దొరికిపోతారు. ఓవర్‌లోడుకి 194వ సెక్షన్‌లో రూ.20,000, ఆపైన అదనపు టన్నుకి రూ.2,000. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు.

1.7 టన్నుల పేలోడ్ (మోయగల బరువు) ఉన్న బండి అయితే అదే సరుకు మూడు ట్రిప్పులు కాకుండా రెండింట్లో అయిపోతుంది. నేనైతే మీకు ఇదే కొనమంటాను. ఇది 3,000 కిలోలు దాటుతుంది కాబట్టి గూడ్స్ పర్మిట్ కావాలి, దాన్ని అయిదేళ్లకు ఇస్తారు. కర్ణాటక దాటకపోతే రాష్ట్ర పర్మిట్ చాలు. ఏటా రూ.16,500 కాంపోజిట్ ఫీజుండే నేషనల్ పర్మిట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒక జాగ్రత్త: బయట షెడ్డులో బరువైన ఇనుప బాడీ కట్టిస్తే ఆ బరువంతా మీ పేలోడ్ లోంచే పోతుంది. డెలివరీ తీసుకున్న రోజే ఖాళీ బండిని వేబ్రిడ్జి ఎక్కించి స్లిప్పు దాచుకోండి.

ఇప్పుడు నెలవారీ లెక్క. రూ.8 లక్షల లోన్ 11 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.17,400. డీజిల్ రూ.9,000. ఇన్సూరెన్స్, టైర్లు, ఎఫ్‌సీల (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల) కోసం విడిగా నెలకు రూ.5,000 ఆర్‌డీ వేయండి. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం ఈ తరగతికి థర్డ్ పార్టీ ప్రీమియమే రూ.16,049. మొత్తం రూ.31,400, జీఎస్టీ క్రెడిట్ తీసేస్తే రూ.28,700. కిరాయి ఖర్చుకి కాస్త తక్కువ, అంతే. తమ్ముడు మానేసి రూ.20,000 జీతానికి డ్రైవరుని పెట్టుకున్నారంటే సొంత బండి నష్టమే. అతను కనీసం అయిదేళ్లు షాపులో ఉంటాడన్న నమ్మకం ఉంటేనే ముందుకెళ్లండి. రూ.4 లక్షలూ డౌన్ పేమెంటుకీ రిజిస్ట్రేషన్‌కీ పెట్టేయకుండా రూ.60,000 అయినా బ్యాంకులో ఉంచండి.

ఖాళీ రోజుల్లో కిరాయికి తిప్పాలనుకుంటే ముందు ఆడిటరుతో మాట్లాడండి. ఆదాయపు పన్నులో 44ఏఈ పేరుతో చెప్పే అంచనా ఆదాయం పద్ధతి కిరాయి బండ్లకే, సొంత సరుకు మోసే బండికి కాదు. అందులోకి వెళ్తే బండి షెడ్డులో ఉన్నా నెలకు రూ.7,500 ఆదాయం వచ్చినట్టే లెక్కేస్తారు.

ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. గడువు దాటితే రోజుకి రూ.50 అదనం. అంతకన్నా ముఖ్యం, ఎఫ్‌సీ లేని బండికి చట్టం దృష్టిలో చెల్లే రిజిస్ట్రేషనే లేనట్టు, క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. నెల ముందే స్లాట్ బుక్ చేసుకుంటే బ్రేక్ లైట్లు, రిఫ్లెక్టివ్ టేపు సరిచేసుకోవడానికి సమయం దొరుకుతుంది.