చేపల ఎకాలజీలో పరిశోధన: మొదట ఏం చదవాలి, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. ఉష్ణమండల చేపలపై పరిశోధించిన బ్రిటిష్ శాస్త్రవేత్త రోజ్‌మేరీ లో-మెక్‌కానెల్ గురించి చదివి, తనూ చేపల ఎకాలజీలోనే పరిశోధన చేస్తానంటోంది. ఆమె రచనలు ఏ వరుసలో చదవాలి? తర్వాత దారేంటి?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మంచి గురువునే ఎంచుకుందండీ. అయితే 1987 నాటి ‘ఎకలాజికల్ స్టడీస్ ఇన్ ట్రాపికల్ ఫిష్ కమ్యూనిటీస్’తో మొదలుపెట్టొద్దనండి. దశాబ్దాల పని అంతా అందులో ఉంది, చేపల పేర్ల దగ్గరే ఓపిక అయిపోతుంది. ముందు ఆఫ్రికాలోని న్యాసా సరస్సు (ఇప్పటి మలావి సరస్సు) తిలాపియా చేపలపై 1952లో వచ్చిన నివేదిక చదవాలి. అక్కడి జాలరులు ‘చాంబో’ అని పిలిచేది ఒక్క జాతి కాదు. చూపుకు ఒకేలా ఉన్నా గుడ్లు పెట్టే కాలం, చోటు వేరు. గుడ్లు పెట్టే రోజుల్లో ఒక జాతి మగచేప నల్లబడుతుంది, ఇంకో జాతి మగచేప తల తెల్లగా, ఒళ్లు లేత నీలంగా మారుతుంది. ఆ తర్వాత తిలాపియాల సంతానోత్పత్తిపై 1959 వ్యాసం, దక్షిణ అమెరికాలోని గయానా దేశపు రుపునుని ప్రాంతం చేపలపై 1964 వ్యాసం. పెద్ద పుస్తకం ఆఖర్న.

చదువుతూనే చేతిపని మొదలెట్టాలి. కొల్లేరు అభయారణ్యం కాబట్టి అనుమతి లేకుండా అక్కడ వల వేయకూడదు. చేపల మార్కెట్ చాలు. రెండే జాతులు తీసుకుని, నెలకు ముప్పై చొప్పున ఏడాదిపాటు పొడవు, బరువు, ఆడా మగా, అండాశయం దశ, పొట్టలో ఉన్న మేత రాసుకోవాలి. చేప ఏ కన్ను (రంధ్రం సైజు) వలలో పడిందో అడగడం మర్చిపోతే లెక్క తప్పుతుంది: ఒక్కో కన్ను ఒక్కో సైజునే పడుతుంది. మన తిలాపియా తల్లి గుడ్లను నోట్లో దాచుకుంటుంది, వలలో పడగానే ఉమ్మేస్తుంది. ఖాళీ నోరు చూసి ‘గుడ్ల కాలం కాదు’ అని రాసేస్తే తప్పే.

నమూనా దాచాలంటే ముందు ఫొటో తీయాలి, ఫార్మలిన్‌లో రంగు పోతుంది. కుడివైపు పొట్ట కోసి పది శాతం ఫార్మలిన్‌లో ఉంచాలి, ఎడమవైపు కొలతలకు చెక్కుచెదరకుండా ఉండాలి. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి.

ఇక దారి. ఎంఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్రంలో పీజీ) సీట్లు సాధారణంగా నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్రంలో డిగ్రీ) చదివినవారికే. కాబట్టి ఎమ్మెస్సీ జువాలజీ, పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష (లైఫ్ సైన్సెస్), ఆపై పీహెచ్‌డీ. నదులు, జలాశయాల చేపలపై పనిచేసే సంస్థ పశ్చిమ బెంగాల్ బారక్‌పూర్‌లోని సిఫ్రీ (కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ). అక్కడి శాస్త్రవేత్తల వ్యాసాలు చదివాకే ఎవరికి రాయాలో తేల్చుకోవాలి.

పెళ్లి సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. 1953లో పెళ్లయ్యాక ఆనాటి వలస ప్రభుత్వ నిబంధన వల్ల లో-మెక్‌కానెల్ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. పైన చెప్పిన 1959, 1964 వ్యాసాలు రెండూ ఆ తర్వాత వచ్చినవే.