ఎక్కి కూర్చున్నా విమానం ఎందుకు కదల్లేదు?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిది నెలల బిడ్డతో విశాఖ వచ్చే విమానం ఎక్కింది. ఎక్కాక నాలుగు గంటలు కదల్లేదు. 'ఏటీసీలో (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగంలో) కంప్యూటర్ సమస్య' అన్నారట. ఒక్క కంప్యూటర్ పాడైతే ఇంత ఆలస్యమా? అదే గాల్లో ఉండగా పాడైతే పిల్లల గతేంటి?
– ఒక పాఠకురాలు, జైపూర్, కొరాపుట్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. గాల్లో ఉన్న విమానాన్ని కంట్రోలరు రాడార్ తెర మీద చూస్తుంటారు, పైలట్‌తో రేడియోలో మాట్లాడుతుంటారు. పేపర్లకెక్కిన పెద్ద ఆలస్యాల్లో చాలావరకు మొరాయించినవి ఆ రెండూ కావు. ఏ విమానం, ఏ దారిన, ఎంత ఎత్తులో, ఎన్నింటికి అని చెప్పే ఫ్లైట్ ప్లాన్‌ను అందించే వ్యవస్థ వేరే ఉంటుంది. 2025 నవంబరు మొదటి వారంలో ఢిల్లీలో దెబ్బతిన్నది అదే. రోజుకు 1500కు పైగా రాకపోకలుండే చోట ప్లాన్‌లన్నీ మనుషులే చేత్తో చేయాల్సి వచ్చింది.

చేత్తో చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను ఏటీసీ టవర్‌లో చేరిన కొత్తలో విమానానికొక కాగితం స్ట్రిప్, అంటే దాని వివరాలు రాసిన సన్నని చీటీ, ఉండేది. దాన్ని ప్లాస్టిక్ పట్టీలో దూర్చి బోర్డు మీద వరుసగా పేర్చేవాళ్లం. ఎత్తు మారితే పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాయాలి. అంకె అలుక్కుపోయిందా, మళ్లీ అడగాల్సిందే. అంత నిదానంగా చేస్తూ ఎప్పటిలాగే విమానాలను వదిలితే ప్రమాదం. అందుకే నేల మీదే ఆపుతారు. మీ మనవడు ఏడ్చినంతసేపూ మీ అమ్మాయి ఎంత అవస్థ పడిందో ఊహించగలను. అయినా ఆపడమే సరైన పని.

నాకు కోపం వచ్చేది వేరే విషయం మీద. మీ ఊరి పేరే చూడండి. జైపూర్ అంటే మీకు కొరాపుట్ జిల్లాలోది, బయటివాళ్లకు రాజస్థాన్‌ది. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఇలాంటి చిక్కే వచ్చింది. ఒక ప్లాన్‌లో, దారిలోని చోటును సూచించే 'డీవీఎల్' అనే గుర్తు రెండుసార్లు వచ్చింది. ఒకటి ఫ్రాన్స్‌లోని డోవిల్, ఇంకోటి అమెరికాలోని డెవిల్స్ లేక్. కంప్యూటర్ ఒకదానికి బదులు ఇంకోటి పట్టుకుంది. దారి పొంతన కుదరక, తప్పు సమాచారం ఇవ్వడం కంటే ఆగిపోవడమే మేలని ఆగిపోయింది. అక్కడిదాకా బాగానే ఉంది. బదులుగా పెట్టుకున్న రెండో కంప్యూటర్ కూడా అదే ప్లాన్ తీసుకుని, అదే చోట ఆగింది! రెండింటిలో ఒకే ప్రోగ్రాం ఉంటే రెండోది ఉండి ఏం లాభం? 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ఆ ఒక్క ప్లాన్‌ను పక్కనపెట్టి మిగతావి నడిపించేలా ముందే రాసి ఉండాల్సింది.

ఏటీసీ కారణమైతే మన దేశంలో విమాన సంస్థ నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు. మామూలుగా రెండున్నర గంటల లోపు ప్రయాణానికి ఆలస్యం రెండు గంటలు దాటితే తిండి పెట్టాలి, కానీ ఏటీసీ కారణమైతే దాన్నుంచీ మినహాయింపు ఉండొచ్చు. అయినా అమ్మాయిని మొహమాటపడకుండా అడగమనండి. బిడ్డ పాలపొడి, వేడినీళ్ల ఫ్లాస్కు చేతిసంచిలోనే ఉంచుకోమనండి.

ఈసారి అమ్మాయిని తీసుకురావడానికి మీరు నేరుగా విశాఖ వెళ్లి కూర్చోకండి. సుంకి ఘాట్ వెలుగుండగానే దిగి సాలూరులో ఆగండి. విమానం ఎగిరిందని ఫోన్‌లో చూసుకుని అక్కడి నుంచి బయల్దేరండి. చీకటి పడితే ఆ రాత్రి తిరిగి ఘాట్ ఎక్కొద్దు.