మనకు గ్రీన్ ఉన్నా ఆగాల్సిన సందర్భం: అమెరికా రోడ్డు మీద శవయాత్ర

నార్త్ కరోలినాకు కొత్తగా వచ్చి కారు నడపడం మొదలుపెట్టిన ఒక తమ్ముడి ప్రశ్న: "అక్కా, సిగ్నల్ దగ్గర నాకు గ్రీన్ పడింది. కానీ అడ్డంగా కార్లు వరసగా రెడ్‌లోనే దాటిపోతున్నాయి. పక్కనున్నవాళ్లెవరూ కదలట్లేదు, హారన్ కూడా కొట్టట్లేదు. అప్పుడు నేనేం చేయాలి?"

ఆగాలి తమ్ముడూ. అది శవయాత్ర. చివరి కారు దాటేదాకా మీ కారు కదలకూడదు.

కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని పోల్చుకోలేకపోవడంలో వింతేమీ లేదు. మన ఊళ్లో శవయాత్ర కంటికి కనపడే ముందే చెవిన పడుతుంది. డప్పులు మోగుతాయి, గోవింద నామం వినిపిస్తుంది, దారంతా పూలూ పేలాలూ చిల్లర డబ్బులూ చల్లుతూ నడుస్తారు. ఇక్కడ చప్పుడే ఉండదు. ఎవరూ నడవరు, అందరూ కార్లలోనే వెళ్తారు. అందుకే లైట్లు చూసి తెలుసుకోవాలి. ముందు పోలీసు బండి గానీ, ఫ్యూనరల్ హోమ్ (అంత్యక్రియలు ఏర్పాటు చేసే సంస్థ) వాళ్ల బండి గానీ ఉంటుంది. దాని మీద పసుపు లేదా ఊదా రంగు లైటు మెరుస్తూ ఉండవచ్చు, లేదా చిన్న జెండా కట్టి ఉండవచ్చు. శవాన్ని తీసుకెళ్లే పొడవాటి కారును ఇక్కడ హెర్స్ అంటారు. దాని వెనకాల వచ్చే కార్లన్నీ పట్టపగలైనా హెడ్‌లైట్లు, హజార్డ్ లైట్లు (ఇండికేటర్లన్నీ ఒకేసారి మెరిసేవి) వేసుకుని ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని వస్తాయి. పగటిపూట అలాంటి వరస కనబడితే అది శవయాత్రే, అనుమానించక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. నేను చెప్పేది మా నార్త్ కరోలినా గురించి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి, మీరు వేరే చోట ఉంటే అక్కడి డ్రైవర్ హ్యాండ్‌బుక్ చూసుకోండి. ఇక్కడ వరసలో మొదటి బండి మిగతా అందరిలాగే సిగ్నల్ పాటించాలి. అది గ్రీన్‌లో కూడలి దాటాక, మధ్యలో రెడ్ పడినా వెనకున్న కార్లు ఆగకుండా జాగ్రత్తగా దాటవచ్చు. ఆ సమయంలో శవయాత్ర కూడలిలో ఉందని తెలిసి, మీకు గ్రీన్ ఉంది కదా అని వాళ్ల దారికి అడ్డంగా వెళ్లడం తప్పు. రెండు కార్ల మధ్య సందు దొరికిందని దూరడమూ తప్పే. సిగ్నళ్లు ఆగకుండా దాటొచ్చన్న ఆశతో ఆ వరసలో కలవడం కూడా చట్టం ఒప్పుకోదు. మీరు వెళ్లే వైపే శవయాత్ర సాగుతూ, ఆ వైపుకి ఒక్కటే లేన్ ఉంటే, ఓవర్‌టేక్ చేయకూడదు. రెండు లేన్లు ఉంటే పక్క లేన్‌లో దాటవచ్చు. మరీ వేగంగా దూసుకుపోకండి, అంతే.

అందరికీ టెన్షన్ పెట్టేది శవయాత్ర ఎదురుగా వచ్చినప్పుడే. కేరీ, మోరిస్‌విల్ లాంటి పట్టణాలు దాటి కాస్త పల్లెల వైపు వెళ్తే, ఎదురు లేన్‌లో వచ్చేవాళ్లు కూడా కారు పక్కకు తీసి ఆపేయడం చూస్తారు. కొందరు పెద్దవాళ్లు టోపీ తీసి పట్టుకుంటారు. ఇది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పాత మర్యాద. ఉత్తరాన ఉన్న న్యూజెర్సీ నుంచి ఇక్కడికి మారినవాళ్లకు కూడా కొత్తగానే అనిపిస్తుంది. చట్ట ప్రకారం ఎదురుగా వచ్చేవాళ్లు ఆగి తీరాలని లేదు. ఆగాలనుకుంటే మాత్రం ఎలా ఆగాలో రాసి ఉంది: వేగం తగ్గించాలి, లేదా కారును రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు దించి ఆపాలి. మీ వెనక వచ్చేవాళ్లు తమ లేన్ వదలకుండా పోగలగాలి. సగం కారు రోడ్డు మీద, సగం గడ్డిలో పెట్టి ఆపితే అది మర్యాద కాదు, ప్రమాదం.

నా మాటైతే, చిన్న రోడ్డు మీద పక్కన చోటుంటే ఆగండి. ముందు అద్దంలో వెనక చూసి, ఇండికేటర్ వేసి, మెల్లగా కారును పక్కకు దించండి. చోటు లేకపోతే వేగం తగ్గించి సాగిపోండి, ఎవరూ తప్పుపట్టరు. మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద రోడ్ల మీద ఆగే పని లేదు. ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే) మీద మాత్రం ఎదురు శవయాత్ర కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగవద్దు. అక్కడ ఉన్నట్టుండి బ్రేక్ వేస్తే వెనక నుంచి వచ్చే ట్రక్కు ఆగలేకపోవచ్చు.

ఆగినప్పుడు పాటలు ఆపేయండి. ఫోన్‌తో వీడియో తీయకండి, దయచేసి. శవం ఎదురొస్తే మంచి శకునమని మన పెద్దవాళ్లు అంటారు. ఆ నమ్మకం ఉన్నా లేకపోయినా, కారులోనే ఒక్కసారి చేతులు జోడిస్తే ఇక్కడివాళ్లెవరికీ అది వింతగా తోచదు. వెనక సీట్లో పిల్లలు ఎందుకు ఆగామని అడిగితే మాట దాటేయకండి. ఎవరో చనిపోయారని, వాళ్లవాళ్లు సాగనంపడానికి వెళ్తున్నారని చెప్పండి. ఇక్కడ పెరిగే మన పిల్లలకు చావు గురించి ఇంట్లో మాట్లాడే సందర్భాలే తక్కువ.

రేపు మన తెలుగువాళ్ల ఇంట్లోనే కష్టం రావచ్చు. అప్పుడు ఆ వరసలో మీరే ఉంటారు. ఫ్యూనరల్ హోమ్‌లో కార్యక్రమం అయ్యాక, దహనం వేరే చోట అయితే అక్కడికి కార్లు వరసగా బయలుదేరుతాయి. మన వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానం దాకా వెళ్లరు. ఇక్కడ వాళ్లూ వస్తారు, చాలాసార్లు స్టీరింగ్ పట్టేదీ వాళ్లే. అందుకని ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి. బయలుదేరే ముందు హెడ్‌లైట్లు, హజార్డ్ లైట్లు వేయండి. అవి లేకపోతే మీరు ఆ వరసలోని వారని అవతలి డ్రైవర్‌కు తెలిసే దారే లేదు. అడ్రసు ఫోన్‌లో ముందే పెట్టుకోండి. రెడ్‌లో దాటుతున్నప్పుడు, అవతలివాళ్లు ఆగారని కళ్లతో చూశాకే కదలండి. సైరన్‌తో అంబులెన్స్ వస్తే దానికి దారి వదలాల్సిందే. వరస తెగిపోయి మీరు వెనక పడిపోతే, అందుకోవాలని పరుగు తీయకండి. హజార్డ్ లైట్లు ఆపేసి, మామూలుగా ప్రతి సిగ్నల్ పాటిస్తూ వెళ్లండి. ఏడ్చి అలిసిపోయి ఉంటే అసలు మీరు నడపనే వద్దు. ఎవరి కారులోనైనా చోటుందా అని అడగండి, ఆ రోజు ఎవరూ కాదనరు.