పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదా?

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో పనిచేస్తాడు. సంక్రాంతికి వస్తున్నాడు. 12వ తేదీ రాత్రి 9:50కి అక్కడ ఎక్కితే 13వ తేదీ రాత్రి 2:50కి హైదరాబాద్‌లో దిగుతాడని టికెట్టులో ఉంది. అంటే ఐదు గంటలు. తిరిగి పోయేటప్పుడు మాత్రం ఉదయం 10:00కి ఎక్కితే 12:30కే దుబాయ్! వచ్చే విమానం ఎక్కడైనా చుట్టు తిరిగి వస్తుందా?
- ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: చుట్టు తిరిగేదేం లేదమ్మా. నిజానికి మీ అబ్బాయి పోయేదానికంటే తొందరగానే ఇంటికొస్తాడు. కరీంనగర్‌లో ఇరవై రెండేళ్లు టికెట్లు బుక్ చేశాను, ఈ లెక్క ఎంతమందికి చెప్పానో.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడ రాత్రి 9:50 అయినప్పుడు మీ ఇంటి గోడ గడియారంలో 11:20. అక్కణ్ణించి 2:50 దాకా లెక్కపెట్టండి, మూడున్నర గంటలే. పోయేటప్పుడు అక్కడి 12:30 అంటే మనకు మధ్యాహ్నం 2:00. పదింటికి ఎక్కాడు కాబట్టి నాలుగు గంటలు.

మిగిలిన ఆ అరగంట తేడా గాలిది. భూమి తిరగడం వల్ల అని కొందరంటారు. అది కాదు, భూమితో పాటు గాలీ తిరుగుతుంది. చలికాలంలో ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గట్టి గాలి వీస్తుంది. ధర్మపురి దగ్గర గోదావరిలో పడవ చూసే ఉంటారు, వాలుకు పోవడం వేరు, ఎదురెక్కడం వేరు. రెండు ఊళ్ల మధ్య నేరుగా సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 850 అనుకుంటే, 80 కిలోమీటర్ల గాలి ఎదురైతే 770 అవుతుంది, వెనక నుంచి తోస్తే 930. అంతదూరం మీద అదే అరగంట పైచిలుకు. వానాకాలంలో ఈ గాలి హిమాలయాలు దాటి ఉత్తరానికి జరిగిపోతుంది, అప్పుడు ఇంత తేడా ఉండదు.

2,550ని 850తో భాగిస్తే మూడు గంటలే కదా అంటారేమో. టికెట్టు టైములో రన్‌వే దాకా నడిచేది, పైకెక్కేది, దిగేది అన్నీ కలిసే ఉంటాయి.

మీరు అడగకపోయినా తేదీ సంగతి చెప్పాలి. 13వ తేదీ రాత్రి 2:50 అంటే 12 పోయి 13 వచ్చే రాత్రి. బండి 12వ తేదీ సాయంత్రమే బయల్దేరాలి. బేగంపేట ఎయిర్‌పోర్టు రోజుల్లో మా దగ్గర టికెట్టు తీసుకున్న ఒక పెద్దాయన ఒకరోజు ఆలస్యంగా జీపు మాట్లాడుకుని పోయాడు. ఆయన హైదరాబాద్ దారి పట్టేసరికి, పొద్దంతా ఎదురుచూసి విసిగిన కొడుకు రెండు సూట్‌కేసులతో కరీంనగర్ బస్సులో ఉన్నాడు.