మొదటిసారి మైక్ ముందుకు వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

శుక్రవారం కవితలు చదివే సభకి పేరిచ్చానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి ఎంత సంతోషం వేసిందో. కవిత రెండుసార్లు చదివాను. బాగుంది, కానీ పొడుగైంది. ఐదు నిమిషాలు ఇస్తారన్నావు, గదిలో ఒక్కదానివే చదివితే నాలుగున్నర వచ్చిందన్నావు. అక్కడ అది ఐదు దాటుతుంది, ఎందుకంటే జనం మధ్యలో నవ్వుతారు, చప్పట్లు కొడతారు, నువ్వు ఊపిరి తీసుకోవాలి. నాలుగు లోపుకి తగ్గించు. మిగతాది నీ వెనక పేరిచ్చినవాళ్ళ టైం.

ఎక్కడ తగ్గించాలంటావా? పుస్తకంలో అయితే అర్థం కాని లైను మళ్ళీ చదువుకోవచ్చు, సభలో వినేవాళ్ళకి ఒక్కసారే దక్కుతుంది. రెండో చరణంలో నది, అద్దం, పిట్ట, మూడు పోలికలూ వరసగా పెట్టావు, నది ఇంకా కళ్ళముందు ఉండగానే పిట్ట వచ్చేస్తోంది. పిట్టని ఉంచు. 1986లో షికాగోలో మార్క్ స్మిత్ అనే కవి మొదలుపెట్టిన స్లామ్ పోటీల్లో, అంటే వేదిక మీద కవితలు చదివే పోటీల్లో కూడా మార్కులు వేసేది ప్రేక్షకుల్లోంచి పిలిచిన మామూలు మనుషులే, వాళ్ళూ ఒక్కసారి వినే చెప్పాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. మన భాషలో క్రియ చివరికి వస్తుంది, అవునా కాదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మనకి ఊపిరి అయిపోయి గొంతు దిగిపోతుంది. నా మొదటి కవితలో 'అమ్మ తలుపు తియ్యలేదు' అని ఒక లైను ఉండేది. నేను దిగి వచ్చాక ముందు వరసలో కూర్చున్న ఒకావిడ చెయ్యి పట్టుకుని, తలుపు తీశాక మీ అమ్మ ఏమంది అని అడిగింది. కవితంతా ఆ 'లేదు' మీదే నిలబడింది, అదే ఆవిడకి వినపడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి క్రియకి ముందు, ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటాను. నువ్వూ పెట్టుకో.

మైక్‌కీ నోటికీ మధ్య పిడికిలంత దూరం చాలు. మూతిని మైక్‌కి కాస్త పక్కగా పెట్టు, లేకపోతే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్‌మంటుంది. జాలీ ఉన్న తలకాయని అరచేత్తో మూసి పట్టుకోవద్దు, కీచుమని కూస్తుంది. స్టాండ్ ఎత్తు సరిచేసుకోవడానికి మొహమాటపడకు, ఎవరికీ తొందర లేదు.

ఫోన్‌లో చూసి చదవద్దని నా మాట. లాక్ పడుతుంది, మధ్యలో కాల్ వస్తుంది. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసుకుని అట్ట మీద పెట్టుకో, ఒట్టి కాగితమైతే చెయ్యి వణికేది అందరికీ కనపడి నీ టెన్షన్ ఇంకా పెరుగుతుంది. కంఠతా వస్తే మంచిదే, రాకపోయినా తప్పు లేదు. మర్చిపోతే సారీ చెప్పకు, ఆగి, ముందు లైను మళ్ళీ అందుకో. వాళ్ళు దాన్ని విరామం అనుకుంటారు.

'ఏదో రాశాను, బాగోకపోతే క్షమించండి' అని మాత్రం మొదలుపెట్టకు. ఆ కవిత కోసం నువ్వెన్ని రాత్రులు కూర్చున్నావో నాకు తెలుసు. కవిత ఎందుకు రాశావో కూడా వివరించకు, పేరు చెప్పి మొదలుపెట్టు. అయిపోయాక ఒక్క ఊపిరి సేపు అక్కడే నిలబడు. నీది అవ్వగానే ఇంటికి వచ్చెయ్యకు, చివరి మనిషి చదివేదాకా కూర్చుని విను. నీది విన్నవాళ్ళే కదా వాళ్ళంతా.

రేపు రాత్రి ఫోన్ చెయ్యి. స్పీకర్‌లో పెట్టి గది అవతలి మూలకి వెళ్ళి చదువు, ప్రతి లైను చివరి మాటా నాకు వినపడుతోందో లేదో చెప్తాను.

మీ పెద్దమ్మ