పాత పికప్, వెనక జనరేటర్ ట్రయిలర్: చిప్పు పెట్టించాలా?

బండి సందేహాలు

ప్రశ్న: మాది గుంటూరులో టెంట్ హౌస్. 2011 మోడల్ పికప్ ఉంది. 2.5 లీటర్ల టర్బో డీజిల్, కామన్ రైల్ ఇంజను. రెండు లక్షల అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక రెండు చక్రాల ట్రయిలర్ మీద 15 కేవీఏ జనరేటర్ లాగుతాం. హైవే మీద ఫర్వాలేదు. కోటప్పకొండ ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం రెండో గేరుకి దిగిపోతోంది, నల్ల పొగ కక్కుతోంది, టెంపరేచర్ ముల్లు లేస్తోంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డు వాళ్లు ‘చిప్పు పెడితే ముప్పై శాతం పవర్ పెరుగుతుంది’ అంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడైతే వద్దు. నల్ల పొగ వస్తోందంటే పోస్తున్న డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదని, లేదా ఇంజక్టర్లు సరిగా చల్లడం లేదని అర్థం. చిప్పు, అంటే ఇంజను కంప్యూటర్‌కి తగిలించే చిన్న పెట్టె, ఇంకాస్త డీజిల్ పోయిస్తుంది. అప్పుడు పొగా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. మీ ఇంజను కొత్తలో ఇచ్చిన బలం ఎక్కడ కారిపోతోందో ముందు పట్టుకోండి. చాలా బండ్లకి అక్కడితోనే పని అయిపోతుంది.

మొదట కాటా. జనరేటర్, కేబుల్ డ్రమ్ములు, డీజిల్ డబ్బాలతో సహా ట్రయిలర్‌ని, మనుషులు, సామాన్లతో పికప్‌ని విడివిడిగా తూయించండి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు, బండి పుస్తకంలో ట్రయిలర్‌కి ఇచ్చిన పరిమితి, రెండూ దాటకూడదు. దాటితే ఇంజను ఎంత బాగుచేయించినా క్లచ్చు, బ్రేకులు, వెనక హౌసింగ్ (ఇరుసు గేర్లుండే పెట్టె) తట్టుకోవు. దొరికితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000.

తర్వాత గాలి దారి. ఎయిర్ ఫిల్టర్ దులిపి పెట్టడం కాదు, మార్చేయండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజనుకి వెళ్లే హోస్ పైపుల్లోనే ఎక్కువ దొంగ లీకులుంటాయి. పైపు పైనుంచి శుభ్రంగా కనిపిస్తుంది. అడుగున, క్లిప్పు పక్కన వేలితో తడిమితే నూనె జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డు కింద సన్నటి చీలిక ఉంటుంది, టర్బో ఒత్తిడి వచ్చినప్పుడే అది నోరు తెరుస్తుంది. ఖాళీ ఇంజను రేజ్ చేసి వింటే ఏమీ తెలియదు. అందుకని టర్బో లోపలికి గాలి పోయే మూతికి ట్యూబు వాల్వు బిగించిన ప్లగ్గు పెట్టించి, బ్రీదర్ పైపు (ఇంజను లోపలి ఆవిరి పోయేది) ఊడదీసి ఆ కన్నం మూయించి, కంప్రెసర్‌తో ఒక బార్ గాలి పెట్టించి జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టించండి. ఒక బార్ దాటితే సీళ్లు పోయే ప్రమాదం ఉంది. ఆయిల్ పోసే మూత దగ్గర కాస్త గాలి శబ్దం వస్తే కంగారు పడకండి, తెరుచుకుని ఉన్న వాల్వు గుండా కొంత కిందికి దిగుతుంది.

ఇంటర్‌కూలర్ విప్పి వంచితే పల్చటి జిడ్డు వస్తే మామూలే. ధార కట్టి నూనె కారితే టర్బో సీలో, బ్రీదరో చూడాలి. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, లోపల మిగిలిన ద్రవాన్ని ఇంజను పీల్చుకుంటే రాడ్డు వంగే దాకా పోతుంది. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఏర్పాటు) మసి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజనులోకి గాలి పోయే గొట్టాల్లో, గట్టిగా పేరుకుని దారి సగమైపోయిన బండ్లు తక్కువేం కాదు. మానిఫోల్డ్ ఇప్పించి శుభ్రం చేయించండి. ఈజీఆర్‌కి రేకు కొట్టి మూసేయడం మాత్రం చట్టప్రకారం తప్పు, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) కూడా ఊరుకోదు.

డీజిల్ వైపు ఫిల్టర్ మార్చి, అడుగున చేరిన నీరు వదిలేయండి. నాలుగు ఇంజక్టర్ల రిటర్న్ పైపులకి ఒకే కొలత ఉన్న సీసాలు తగిలించి ఇంజను కాసేపు ఐడిల్‌లో ఉంచండి. ఒక సీసాలో మిగతావాటికి రెట్టింపు చేరిందంటే ఆ ఇంజక్టర్ అరిగిపోయింది. అలాగని మిగతా మూడూ బాగున్నట్టు కాదు. చల్లే తీరు టెస్ట్ బెంచి మీదే తేలుతుంది.

ఇక వేడి. మీ ప్రాంతంలో మిర్చి, పత్తి, వరి ఊక దుమ్ము ఏసీ కండెన్సర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందుల్లో దుప్పటిలా పరుచుకుంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో ముందు నుంచి కొడితే అది ఇంకా లోపలికి తోసుకుపోతుంది. బోల్టులు వదులు చేసి, మూడింటినీ ఎడం చేసి, ఇంజను వైపు నుంచి బయటికి కడగాలి. ప్రెషరు ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి, మెల్లగానే కొట్టించండి. మీ బండికి విస్కస్ ఫ్యాను (వేడెక్కితే తన క్లచ్చు పట్టి తిరిగేది) ఉంటే, బాగా వేడెక్కిన ఇంజను ఆపి, తాళం తీసేశాక చేత్తో తిప్పి చూడండి. అడ్డం లేకుండా గిరగిరా తిరిగితే ఫ్యాను క్లచ్ పోయినట్టే. రేడియేటర్ మూత పాతబడితే ఒత్తిడి నిలవదు. 15 పీఎస్‌ఐ మూత నీటి మరుగు స్థానాన్ని సుమారు 20 డిగ్రీలు పెంచుతుంది, ఎండాకాలంలో ఘాట్ మీద మీకు కావాల్సింది ఆ 20 డిగ్రీలే. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయండి.

‘వేడెక్కుతోంది, థర్మోస్టాట్ పీకేద్దాం’ అనే మాట మన షెడ్లలో మామూలు. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో థర్మోస్టాటే ఆ దారిని మూయాలి. అది తీసేస్తే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజనులోకి వచ్చేస్తాయి. మామూలుగా తిరిగేటప్పుడు ఇంజను చల్లగా ఉంటుంది, బరువు లాగేటప్పుడు ఉడుకుతుంది.

ఇన్ని చేశాక కూడా చాలకపోతే గేరు నిష్పత్తి చూడండి. ముందుగా టైర్లు: అందానికి పెద్ద టైర్లు వేసుంటే, వ్యాసం ఏడు శాతం పెరిగిన చోట లాగుడు దాదాపు అంతే తగ్గుతుంది. కంపెనీ సైజుకి తిరిగి రండి. తర్వాత క్రౌన్ పినియన్, అంటే వెనక హౌసింగ్‌లోని గేర్ల జత. ఉదాహరణకి 41/10 పళ్ల సెట్టు తీసి 43/9 వేస్తే 4.1 నిష్పత్తి 4.78 అవుతుంది. చక్రం దగ్గర లాగుడు 16 శాతం పైగా పెరుగుతుంది, ఇంజను మీద చుక్క డీజిల్ అదనంగా పడదు. అదే వేగానికి 2,000 ఆర్‌పీఎం బదులు 2,330 తిరుగుతుంది, మీ పనికి అది నష్టమేం కాదు. అయితే మీ హౌసింగ్‌కే కంపెనీ వేరే మోడల్లో ఆ సెట్టు ఇచ్చి ఉండాలి. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు), బేరింగ్ ప్రీలోడ్ (బేరింగు బిగువు) డయల్ గేజితో పెట్టే మేస్త్రీ దొరకాలి. అంచనాగా బిగిస్తే ఏడుపు శబ్దం మొదలవుతుంది, ఆ పళ్లు ఎంతో కాలం ఉండవు. వేశాక మొదటి 500 కిలోమీటర్లు ట్రయిలర్ తగిలించకుండా తిప్పి, ఆయిల్ మార్చేయండి.

చిప్పు సంగతి చివరికి. చవక పెట్టెలు చాలావరకు రైల్ ప్రెషర్ సెన్సార్‌కీ (ఇంజక్టర్లకి పోయే డీజిల్ ఒత్తిడి కొలిచేది) ఈసీయూకీ మధ్య కూర్చుని ‘ఒత్తిడి తక్కువుంది’ అని అబద్ధం చెబుతాయి. ఈసీయూ ఒత్తిడి పెంచుకుంటూ పోతుంది, పంపూ ఇంజక్టర్లూ అరిగిపోతాయి. 1,800 లోపు ఆర్‌పీఎంలోనే టార్కు పెంచితే హెడ్ గ్యాస్కెట్, క్లచ్ ప్లేటు ముందు పోతాయి. చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని ఆర్‌సీ వివరాలకి భిన్నంగా మార్చనివ్వదు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లూ దీన్నే పట్టుకుంటారు.

ఏం చేసినా చేయకపోయినా ఘాట్ ఎక్కే బండికి ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటరు పెట్టించుకోండి. దాని ప్రోబు టర్బోకి ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఉండాలి. కన్నం వేసేటప్పుడు మానిఫోల్డ్ విప్పి బయటపెట్టే వేయాలి, ఒక్క ఇనుప రజను మిగిలినా టర్బైన్ రెక్క ఊడుతుంది. ముల్లు 650 డిగ్రీల దగ్గరే ఉండిపోతోందంటే గేరు తగ్గించండి, 700 దాటనివ్వకండి.

ప్రశ్న: మాది విజయవాడ. బండి ఇంకా పాతది, పంపు మెకానికల్, టర్బో లేదు. పంపు మీద స్క్రూ కాస్త తిప్పితే లాగుతుందని మెకానిక్ అంటున్నాడు.

జవాబు: లాగుతుంది, కొన్నాళ్లు. సీలు వేసిన ఫుల్ లోడ్ స్క్రూ అది. టర్బో లేని ఇంజనుకి గాలి పెరిగే దారే లేదు కాబట్టి పోసిన అదనపు డీజిల్ పొగై పోతుంది, పిస్టన్ తల మీద వేడి పడుతుంది. ఊరికే స్క్రూ తిప్పనివ్వకుండా పంపూ నాజిళ్లూ కాలిబ్రేషన్‌కి ఇవ్వండి, ట్యాపెట్ గ్యాపులు, పంపు టైమింగ్ కంపెనీ కొలతకి పెట్టించండి. ఆ తర్వాత కూడా బలం చాలడం లేదంటే ట్రయిలర్ బరువు తగ్గించుకోవడమే.

ప్రశ్న: తాడేపల్లి నుంచి. హైవే మీద 60 దాటితే ట్రయిలర్ పాము నడకలా ఊగుతోంది. హుక్కు మార్చాలా?

జవాబు: హుక్కు కన్నా ముందు ముక్కు బరువు చూడండి. మొత్తం ట్రయిలర్ బరువులో పదో వంతు హుక్కు మీద పడాలి, అంటే 1,200 కిలోల ట్రయిలర్‌కి 120 కిలోలు. హుక్కు మీద రాసిన పరిమితి దాన్ని భరించాలి సుమా. నేల సమంగా ఉన్న చోట చక్రాలకి చెక్క అడ్డం పెట్టి, మిర్చి టిక్కీలు తూచే ప్లాట్‌ఫారం కాటా మీద ట్రయిలర్ ముందు కాలు నిలబెడితే లెక్క వచ్చేస్తుంది. తక్కువ వస్తే జనరేటర్‌ని ముందుకి జరిపి బిగించండి, కేబుల్ డ్రమ్ముల్ని ఇరుసుకి ముందు పెట్టండి. ట్రయిలర్ టైర్లలో గాలి, హబ్బు బేరింగుల లూజు కూడా చూడండి. ఊగుడు మొదలైతే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చాలు.

ప్రశ్న: ట్రయిలర్ లాగే బండికి ఆయిళ్లు ఎప్పుడు మార్చాలి? ఐదో గేరులో లాగొచ్చా?

జవాబు: ఇంజను, గేర్‌బాక్సు, హౌసింగ్ ఆయిళ్లు పుస్తకంలో చెప్పిన గ్రేడే పోసి, చెప్పిన దూరంలో సగానికే మార్చండి. ఐదో గేరు ఓవర్‌డ్రైవ్ (ఇంజను కన్నా షాఫ్టు వేగంగా తిరిగేది) అయితే బరువుతో వేయకండి, నాలుగులో 2,000 పైన నడపండి. ఘాట్ ఎక్కి ఆగాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి, లేకపోతే టర్బో బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి బొగ్గవుతుంది.