‘వృద్ధి కారణం’ కాదు, ‘వృద్ధి కారకం’

సందేహం: ఒక వైద్య వ్యాసం తెలుగు చేస్తూ ‘పెరుగుదల కారణాల చేత మూత్రాశయ లైనింగ్ కణాల పెరుగుదల క్రమబద్ధీకరించబడుతుంది’ అని రాశాను. గ్రోత్ ఫ్యాక్టర్‌ను ‘పెరుగుదల కారణం’ అంటే తప్పా? వాక్యం కూడా ఎబ్బెట్టుగా ఉందంటున్నారు మా ఇంట్లో.

సమాధానం: మీ ఇంట్లోవాళ్లు అన్నది నిజమే. ముందు మాట సంగతి చూద్దాం.

కారణం, కారకం రెండూ ‘కృ’ ధాతువు నుంచి వచ్చినవే అయినా వాడుకలో దారులు వేరయ్యాయి. ‘నిన్న రాకపోవడానికి కారణం జ్వరం’ అంటాం. ఎందుకని అడిగితే చెప్పేది కారణం. పని జరిపించేది కారకం; రోగకారక క్రిములు అంటున్నాం కదా. గ్రోత్ ఫ్యాక్టర్ అచ్చంగా ఒక పదార్థం, చాలావరకు ప్రోటీన్. వాటిలో ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) అనేది మన మూత్రంలోనే ఉంటుంది. మనిషి మూత్రం నుంచి వేరుచేసిన యూరోగాస్ట్రోన్, ఈజీఎఫ్ ఒకటేనని 1975 నాటి పరిశోధనతో బయటపడింది. అందులో ఉన్నవి 53 అమైనో ఆమ్లాలు. సీసాలో పట్టి పెట్టగల దాన్ని ‘కారణం’ అంటే చెవికి ఎక్కదు.

‘పెరుగుదల కారకం’ అన్నా వ్యాకరణం అడ్డు చెప్పదు. ‘పెళ్లి ముహూర్తం’ లాగా అదీ మిశ్రమ సమాసమే. అయితే మీ వాక్యంలో పెరుగుదల ఇంకోసారి వస్తోంది కాబట్టి నా ఓటు వృద్ధి కారకానికే.

ఇంకా సులువు చేద్దామని ‘పెంచే పదార్థం’ అని మాత్రం రాయకండి. టీజీఎఫ్-బీటా అని ఒకటుంది. పేరులో గ్రోత్ ఉంది, కానీ మూత్రాశయం లోపొర లాంటి చోట్ల అది కణాల విభజనకు సాధారణంగా బ్రేకు వేస్తుంది! ‘కారకం’ అంటే పెంచినా, ఆపినా మాట చెల్లుతుంది.

‘క్రమబద్ధీకరణ’ ఇక్కడ అతకదు. లేఅవుట్ స్థలానికి ఫీజు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లను అడగండి, ఆ మాటకు అర్థం వాళ్లే చెబుతారు. పోనీ ‘నియంత్రణ’ అందామా అంటే, కుటుంబ నియంత్రణ, ధరల నియంత్రణ విని విని మనకు అది ‘తగ్గించడం’గానే వినిపిస్తుంది. ఇక్కడ పని రెండు వైపులా ఉంది. మామూలు రోజుల్లో మూత్రాశయం లోపలి కణాలు చాలా నెమ్మదిగా మారుతుంటాయి. దెబ్బ తగిలినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా గబగబా విభజన చెంది గాయం పూడుస్తాయి. అది పూడాక మళ్లీ ఆగాలి. ఆగకపోతే వచ్చే చిక్కుల్లో క్యాన్సర్ ఒకటి. అందుకే ఇలాంటి చోట నామవాచకం కోసం వెతుక్కోకుండా క్రియలతో చెప్పడం మేలు.

‘కణాల పెరుగుదల’లోనూ తికమక ఉంది. పిల్లలు పెరిగారంటే పొడవయ్యారని, ఓటర్లు పెరిగారంటే ఎక్కువమంది అయ్యారని అర్థం. మీ వ్యాసంలో కణం లావెక్కడం లేదు, ఒకటి రెండవుతోంది. ‘విభజన’ అంటే సరిపోతుంది.

లైనింగ్ అంటే జాకెట్టు లైనింగ్ గుర్తొస్తుంది, ‘లోపొర’ అనండి. అందులో మళ్లీ అంతస్తులున్నాయి: మూత్రం వైపు గొడుగు కణాలు, మధ్యలో కొన్ని, అడుగున ఆధార (బేసల్) కణాలు. ఈజీఎఫ్‌ను అందుకునే గ్రాహకాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎక్కువగా అడుగునే ఉంటాయి. వీటినీ పొరలే అంటే ‘పొరలోని పొర’ అవుతుంది కాబట్టి ‘వరస’ అనండి.

ఇక ‘చేత... బడుతుంది’. అమ్మ అన్నం వడ్డించింది అంటాం గానీ, అమ్మ చేత అన్నం వడ్డించబడింది అనం కదా. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘మూత్రాశయం లోపొరలోని కణాలు ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో వృద్ధి కారకాలే చెబుతాయి.’